ముప్పై మాత్రల కవరు

మూడు వాంగ్మూలాలనీ బల్ల మీద పక్కపక్కనే పరిచి, కళ్ళజోడు తుడుచుకుని, రైటరమ్మ మొదటినుంచి మళ్ళీ చదివింది.

మొదటిది బుధవారం ఉదయం పదిన్నరకి ఇచ్చింది. 'వాచీల తాతకి మాత్రలు కట్టేటప్పుడు పొరపాటు జరిగి ఉండొచ్చు.' రెండోది అదే రోజు సాయంత్రం నాలుగింటికి. 'తప్పు డబ్బా తీసింది నేనే.' మూడోది గురువారం, అంటే ఈ ఉదయం తొమ్మిదింటికి. 'తెలిసే తీశానేమో. నాకే తెలియని చెడ్డవాడు నాలో ఉన్నాడేమో. నా చేతి మీద ఇది రెండోది. ఏడేళ్ళప్పుడు మా నాయనమ్మని చంపాను.'

మూడింటి కిందా మందుల షాపు ఫార్మసిస్టు సంతకం.

"చూశారుగా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి. "ఒక కేసు పట్టుకుంటే రెండు దొరికాయి. అదీ ఇరవై నాలుగు గంటల్లో!"

రైటరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఇదే పోలీస్ స్టేషన్లో రైటరుగా కూర్చుని, నేరాలు ఒప్పుకున్నవాళ్ళ మాటలు వేల పేజీలు రాసిన మనిషి. రిటైరయ్యాక జిరాక్స్ షాపు మీద రెండు గదులు తీసుకుని సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. ఉద్యోగం పోయినా ఆ పిలుపు పోలేదు. మోకాళ్ళ నొప్పి తప్ప మరో దిగులు లేదు. పొద్దున లేవగానే ఈ రోజు ఎవరి చిక్కుముడి విప్పాలా అని హుషారు పుడుతుంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు కొత్తగా వచ్చినప్పుడు మీకొకటి చెప్పాను. గుర్తుందా?"

"చాలా చెప్పారు. ఏది?"

"తప్పు చేసినవాడి కథ చెప్పినకొద్దీ చిక్కిపోతుంది. మొదట చేశానంటాడు, తర్వాత చేయించారంటాడు, ఆఖరికి ఆ రోజు ఊళ్ళోనే లేనంటాడు. ఇతని కథ పూటపూటకీ బలుస్తోంది. రేపటిదాకా ఉంచితే ఎదురింటి పిల్లి చావు కూడా నెత్తిన వేసుకుంటాడు."

"ఇది కథ కాదు మేడమ్. ఆసుపత్రిలో ఒక ముసలాయన చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు." ఇన్‌స్పెక్టర్ వేళ్ళ మీద లెక్క చెప్పాడు. "మంగళవారం సాయంత్రం ఆరూ నలభైకి తాత కొడుకు ఇతని షాపులో బీపీ మాత్రలు కొన్నాడు. రాత్రి తొమ్మిదింటికి తాత మాత్ర వేసుకున్నాడు. తెల్లవారి నాలుగూ యాభైకి ఒళ్ళంతా చెమటలు, మాట ముద్ద. ఐదూ ఇరవైకి ఆసుపత్రి. రక్తంలో సుగరు అట్టడుక్కి పడిపోయింది. కొడుకు ఇంటికెళ్ళి ఏడింటికి మందుల కవరు తెచ్చిస్తే, అందులో ఉన్నవి సుగరు జబ్బు మాత్రలు! తాతకి ఆ జబ్బే లేదు. కవరు మీద ఇతని చేతిరాత. ఇంకేం కావాలి?"

"అతనితో పది నిమిషాలు మాట్లాడాలి."

"పదంటే పదే," అన్నాడు గడియారం చూసి.

వరండాలో బెంచీ మీద డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఫార్మసిస్టుకి ఏడు నెలలుగా వైద్యం చేస్తున్న మానసిక వైద్యురాలు. పొద్దున రైటరమ్మ తలుపు తట్టి ఈ కేసు అప్పగించింది ఆవిడే. నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి.

"లోపలికెళ్ళే ముందు ఆ జబ్బేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా," అంది రైటరమ్మ పక్కన కూర్చుంటూ.

"చెప్పమని తనే కాగితం మీద రాసిచ్చాడు కాబట్టి చెబుతున్నాను. ఓసీడీ అంటారు. ఒక అనుమానం తొలిచేస్తుంది. దాన్ని చల్లార్చడానికి ఏదో ఒక పని చేసి తీరాలి. చేస్తే కాసేపు ఊరట, మళ్ళీ అదే అనుమానం. ఇతని అనుమానం, 'నా చేతివల్ల ఎవరైనా పోతారేమో' అని. అది చల్లారడానికి మాత్రలు లెక్కపెట్టాలి. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఒక్కో కవరు ఏడేసి సార్లు లెక్కపెట్టేవాడు. ఇంటికెళ్ళాక కొన్నవాళ్ళకి ఫోన్లు చేసి విప్పి చూసుకోమనేవాడు."

"దీనికి మందేమిటి?"

"లెక్కపెట్టకుండా ఆ భయాన్ని భరిస్తూ కూర్చోవడం. పారిపోకుండా కూర్చుంటే భయం దానంతట అదే తగ్గుతుందని ఒంటికి నేర్పడం. ఏడు నుంచి ఐదుకి దిగాడు, ఐదు నుంచి మూడుకి. అక్కడ బండి ఆగిపోయింది. రెండు నెలలు ఇసుమంత కూడా కదల్లేదు. అప్పుడు బయటపెట్టాడు నాయనమ్మ సంగతి."

నాయనమ్మ మంచాన పడి ఉంది. రాత్రి మందు పొయ్యడం ఏడేళ్ళ మనవడి పని. తనే కావాలని అడిగి తీసుకున్న పని. ఒక శుక్రవారం తెల్లవారుజామున ఆవిడ పోయింది. మేనత్త ఏడుస్తూ వచ్చి పిల్లాడి భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఎన్ని చెంచాలు పోశావురా? ఏం పోశావు?" అంది. పిల్లాడికి ఒకటో రెండో గుర్తు రాలేదు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మేనత్త కూడా మర్చిపోయి ఉంటుంది. వాడు మాత్రం ముప్పై మూడేళ్ళుగా ఆ చెంచాలు లెక్కపెడుతూనే ఉన్నాడు.

"ఆ కథ బయటికొచ్చాక జబ్బు పోయిందా?"

"కథ చెప్పుకున్నంత మాత్రాన పోదమ్మా. పోగొట్టేది రోజూ చేసే అభ్యాసమే. కాకపోతే ఎక్కడ కాలు వణుకుతోందో మాకు తెలిసింది. ఆ చిన్నపిల్లాడి భయం మీద విడిగా పనిచేశాం, అప్పుడు కదిలాడు. మంగళవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, ప్రతి కవరూ ఒక్కసారే లెక్కపెట్టాలి. అదే మొదటి రోజు." డాక్టరమ్మ లోపలి గది తలుపుకేసి చూసింది. "ఆ రోజే ఇలా జరిగింది. తప్పు నిజంగా అతనిదైతే, ఒక్కసారి చాలని చెప్పిన నోరు నాది."

రైటరమ్మ ఆవిడ చెయ్యి తట్టి లేచింది.

లోపలి గదిలో ఫార్మసిస్టు నిటారుగా కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, బడికి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

"అమ్మా, మూడో కాగితంలో ఒక మాట కలపాలి. నాకు ఆ రోజు తాత మీద కాస్త విసుగొచ్చింది. అది రాయలేదు," అన్నాడు ఆమె కూర్చోకముందే.

"అది తర్వాత చూద్దాం నాయనా. నువ్వెలాంటివాడివో నేనడగను. చేతులు ఏం చేశాయో అంతే చెప్పు. తాత కొడుకు ఏమేం కొన్నాడు?"

"రెండు చీటీలు ఇచ్చాడు. తాతకి బీపీ మాత్రలు ముప్పై, రాత్రికి ఒకటి. కొడుక్కి సుగరు మాత్రలు అరవై, పూటకి రెండు."

"రెండూ ఒకేలా ఉంటాయా?"

"రెండూ చిన్నవే, తెల్లవే. బీపీ మాత్రకి నడుమ గీత ఉంటుంది."

"నువ్వు ఒక్కసారి లెక్కపెట్టావు. ఎన్ని వచ్చాయి?"

"ముప్పై. అరవై." తడుముకోలేదు.

"గీత చూశావా?"

"చూశాను." అది కూడా తడుముకోలేదు. ఆ వెంటనే కళ్ళు దించుకున్నాడు. "చూశాననే అనుకుంటున్నాను. ఆయన మెట్లు దిగుతుంటే వెనక్కి పిలుద్దామని గొంతుదాకా వచ్చింది. పిలవలేదు. చేతులు చెమటలు పట్టాయి. ఎనిమిదయ్యేసరికి డాక్టరమ్మ చెప్పినట్టే భయం తగ్గిపోయింది. ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను, హాయిగా నిద్రపోయాను. నేను హాయిగా ఉన్నాను కాబట్టే ఇలా జరిగింది."

చేతుల గురించి అడిగితే సూటిగా చెబుతున్నాడు. పాపం గురించి మాట్లాడితేనే తడబడుతున్నాడు. రైటరమ్మకి అది చాలు.

ఆమె తిరిగి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ టీ తాగుతున్నాడు.

"ఆ కవర్లో ఎన్ని మాత్రలున్నాయి?" అనడిగింది.

"ముప్పై."

"లెక్కపెట్టారా?"

"కవరు మీద రాసుందిగా."

"రాసింది అతను. నేనడిగేది మీ లెక్క."

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. కానిస్టేబుల్‌ని సాక్షిగా నిలబెట్టి సీలు విప్పించాడు. తెల్లకాగితం మీద మాత్రలు పోసి, పెన్సిలు మొనతో ఐదేసి చొప్పున జరిపింది రైటరమ్మ. ఆరు కుప్పలు.

"ముప్పై!" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గెలిచినట్టుగా. "సరిపోయింది కదా?"

"సరిపోవడమే తప్పు. తాత మంగళవారం రాత్రి ఇందులోంచే మాత్ర వేసుకున్నాడని మీ రిపోర్టు. అలాగైతే ఇరవై తొమ్మిది ఉండాలి."

ఇన్‌స్పెక్టర్ కుప్పలకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ముప్పై ఒకటి వేసి ఉంటాడు. ఒక్కసారే లెక్కపెట్టాడని మీరే అంటున్నారుగా!"

"అయ్యుండొచ్చు," అంది ఆమె నిదానంగా. మంచి ఎదురుమాట వేసినందుకు అతని మీద కాస్త ముచ్చట కూడా వేసింది. "అందుకే ఇంకో కవరు కూడా లెక్కపెడదాం. దాని మీద అరవై అని రాసుంటుంది. జీపు తియ్యమనండి."

మూడుంపావుకి వాచీల తాత ఇంటి ముందు ఆగారు. తలుపు తీసింది కొడుకు, బళ్ళో డ్రాయింగ్ మాస్టారు. గడ్డం మాసి ఉంది. తండ్రి గండం గడిచిందని, సాయంత్రానికి మాట్లాడతాడని ఆసుపత్రివాళ్ళు చెబితే, స్నానం చేద్దామని వచ్చాడట.

తాత గది ముందువైపుది. గోడ పొడుగునా అలమరలో మూతలు విప్పిన గడియారాలు, కిటికీ దగ్గర పని బల్ల, దాని మీద కంటికి పెట్టుకునే భూతద్దం, దుమ్ము పట్టిన పట్టకార్లు. మంచం పక్కన స్టూలు మీద నీళ్ళ సీసా. పిల్లలకి కట్టిచ్చేలాంటిది, మూతికి గొట్టం ఉంది.

"తాత పని మానేసి ఎన్నాళ్ళయింది?" అడిగింది రైటరమ్మ.

"నాలుగేళ్ళు. చేతులు వణుకుతాయి. గ్లాసు పట్టుకోలేడు."

"మరి మంగళవారం రాత్రి మాత్ర?"

"తనే వేసుకున్నాడు."

ఆమె గోడకేసి చూసింది. తలగడకి ఎదురుగా ఒక చార్టు అంటించి ఉంది. చేతితో గీసిన ముద్దులొలికే చార్టు. సూర్యుడి బొమ్మ పక్కన పాలు, చంద్రుడి బొమ్మ పక్కన తొమ్మిది గంటల మాత్ర. ప్రతి తేదీ ఎదురుగా ఆకుపచ్చ టిక్కు. మంగళవారం ఎదురుగా కూడా ఉంది. గీత ఎక్కడా వంకర పోలేదు.

"ఈ టిక్కులు వణికే చేతివి కావు, మాస్టారూ."

డ్రాయింగ్ మాస్టారు పెదాలు తడుపుకున్నాడు. "నేనే ఇచ్చాను. ఆ కవర్లోంచే ఇచ్చాను."

"మీ సుగరు మాత్రల కొత్త కవరు ఎప్పుడు మొదలుపెట్టారు?"

"ఇంకా లేదమ్మా. పాతవి ఉన్నాయి."

"ఒకసారి చూపిస్తారా?"

వంటింటి అలమరలోంచి కవరు తెచ్చిచ్చాడు. మీద అరవై అని గుండ్రటి చేతిరాత. ఈసారి లెక్కపెట్టింది ఇన్‌స్పెక్టరే. టోపీ తీసి పక్కన పెట్టి, ఒక్కొక్కటే జరిపాడు. ఇరవై ఎనిమిది. నమ్మకం కలగక మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిదే.

"ఇంకా మొదలుపెట్టని కవర్లో ఇరవై ఎనిమిది," అంది రైటరమ్మ. "స్టేషన్లో ముప్పై. మొత్తం యాభై ఎనిమిది. మిగతా రెండూ ఎక్కడికెళ్ళాయి, మాస్టారూ?"

ఆయన తండ్రి మంచం అంచున కూర్చున్నాడు. ఏం జరిగిందో తనే చెప్పడం మొదలుపెట్టాడు.

మంగళవారం రాత్రి తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసింది. నాన్నని నువ్వు సరిగ్గా చూసుకోవడం లేదు, నా దగ్గరికి తీసుకెళ్ళిపోతానని ఎప్పటిలాగే పోట్లాట. ఫోను చెవి దగ్గర, ఆ సాయంత్రం తెచ్చిన రెండు కవర్లూ చేతిలో. చెయ్యి తన కవర్లోకి వెళ్ళింది. తన అలవాటు కొద్దీ రెండు తీసింది. తండ్రి నోట్లో వేసి నీళ్ళు పట్టించాడు. తెల్లవారి ఆసుపత్రిలో సుగరు పడిపోయిందని వినగానే తనేం చేశాడో అర్థమైంది. ఆరింటికి ఇంటికొచ్చి, బీపీ మాత్రలు కుంచెల పెట్టెలో దాచి, తప్పు షాపుదేననిపించేలా ఆ కవర్లో తన మాత్రలు పోశాడు. మీద ముప్పై అని రాసుంది కాబట్టి జాగ్రత్తగా ముప్పై లెక్కపెట్టి మరీ పోశాడు.

"అక్క చెవిన పడితే నాన్నని తీసుకెళ్ళిపోతుందమ్మా. ఆయన లేకపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు? పదకొండింటికల్లా ఫార్మసిస్టే వెళ్ళి తప్పు తనదని ఒప్పుకున్నాడని తెలిసింది. ఇక నేను నోరు విప్పక్కర్లేదనిపించింది."

"ఆయన ఇవాళ మూడో కాగితం మీద సంతకం పెట్టాడు," అంది రైటరమ్మ. "తనలో హంతకుడున్నాడని నమ్ముతున్నాడు."

మాస్టారు తలెత్తలేదు. "పదండి. ఎక్కడైనా చెబుతాను. నాన్నకి కూడా నేనే చెబుతాను."

ఇన్‌స్పెక్టర్ ముఖం చూడాలి. కోపం, సిగ్గు, ఎక్కడో కాస్త తేలిక. కుంచెల పెట్టె తెరిచి గీత ఉన్న మాత్రలు ముప్పై లెక్కపెట్టి, జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందుకి జరిపాడు.

"మీరే రాయండి మేడమ్. మీరు రాస్తే కోర్టులో ఒక్క అక్షరం ఊడదు."

జీపు ఎక్కాక మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "ఇది తేలిపోయింది, సరే. కానీ ఆ పాతది? మనిషి తన నోటితో తనే నాయనమ్మని చంపానన్నాడు. సంతకం ఉంది. నేను వదిలేస్తే రేపు నా మీదకొస్తుంది. పొద్దున్నే వాళ్ళమ్మకి కబురు పెట్టాను. ఐదింటి బస్సుకి దిగుతుంది."

రైటరమ్మ అతనివైపు తిరిగింది. తల్లికి ఈ బాధ సంగతే తెలియదని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ వచ్చి, అవును, ఆ రాత్రి వీడు రెండు చెంచాలు పోశాడు అని మామూలుగా ఒక మాట అంటే చాలు, ఏడు నెలల వైద్యం బూడిద.

"ఆవిణ్ణి అతని ముందు అడగొద్దు," అంది.

"అతని ముందే అడగాలి. తేలిపోవాలి." ఈ ఒక్క విషయంలో ఇన్‌స్పెక్టర్ మెత్తబడలేదు.

వాళ్ళు చేరేసరికి ఆవిడ వచ్చేసి ఉంది. డెబ్భై దాటిన మనిషి, గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కొడుకు పక్కనే కూర్చుంది. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడింది. రైటరమ్మ ముందు ఫార్మసిస్టుకి రెండు కవర్ల లెక్కా చెప్పింది. మాస్టారు అన్నీ ఒప్పుకున్నాడని చెప్పింది. అతను విన్నాడు, తలూపాడు. కానీ చూపు తల్లి మీదే ఉంది. అసలు తీర్పు అక్కడినుంచి రావాలి అన్నట్టు.

ఇన్‌స్పెక్టర్ కాగితం తీశాడు. "అమ్మా, మీ అత్తగారు ఎలా పోయారు? పోయిన రాత్రి ఆవిడకి మందు పోసిందెవరు?"

"వీడే," అంది తల్లి వెంటనే.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎన్ని చెంచాలు?"

"ఏమో, ఎవరికి గుర్తు? ఎన్ని పోస్తే ఏంలెండి, అది మందైతేగా!"

"మందు కాదా?"

"ఆదివారమే డాక్టరుగారు చూసి, ఇక లాభం లేదు, మందులన్నీ ఆపెయ్యండి అన్నారు. ఆవిడ పోయింది శుక్రవారం. వీడు చూస్తే రాత్రి కాగానే చెంచా పట్టుకుని మంచం దగ్గర హాజరు. వద్దంటే ఏడుస్తాడు. ఆ సీసా కడిగేసి, ఇంత తేనె, ఇన్ని నీళ్ళు కలిపి పెట్టాను. ఐదు రాత్రులూ వీడు పోసింది తేనె నీళ్ళే." ఆవిడ ఇన్‌స్పెక్టర్ ముఖం, కొడుకు ముఖం మార్చి మార్చి చూసింది. "ఏం, ఎందుకడుగుతున్నారు?"

"మీ ఆడపడుచు ఆ రోజు మీ అబ్బాయిని పట్టుకుని అడిగిందట, ఏం పోశావని," అంది రైటరమ్మ.

"అడిగిందా? నేను వాకిట్లో ఉన్నాను, వచ్చేపోయే జనంతో... వీడు నాకెప్పుడూ చెప్పలేదే!" ఒక్కసారి ఆవిడకి మొత్తం అర్థమైంది. సంచీ ఒళ్ళోంచి జారి కిందపడింది. "ఒరే నాన్నా... ఇన్నాళ్ళూ నువ్వు..."

ఫార్మసిస్టు తల్లివైపు పూర్తిగా తిరిగాడు. "నిజంగా తేనేనా అమ్మా?"

తల్లి నోరు తెరిచింది. డాక్టరమ్మ గబుక్కున ముందుకొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"ఒకసారి చెప్పారమ్మా. రెండోసారి చెప్పకండి. చెబితే మూడోసారి అడగాల్సి వస్తుంది అతనికి."

తల్లి అయోమయంగా ఆగిపోయింది. కొడుకు పెదాలు కదిలాయి. ప్రశ్న గొంతులోనే ఉంది, అందరికీ కనిపిస్తోంది. మోకాళ్ళ మీద వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుంటున్నాయి. రైటరమ్మ గోడ గడియారం కేసి చూసింది. ఐదూ ఇరవై రెండు. ఇరవై మూడు. ఇన్‌స్పెక్టర్ చేతిలో పెన్ను కదల్లేదు. ఇరవై ఆరుకి ఆ వేళ్ళు విచ్చుకున్నాయి.

"తేనె నీళ్ళని నాయనమ్మకి తెలుసా?" అన్నాడు.

డాక్టరమ్మ అడ్డు చెప్పలేదు. ఇది పాత ప్రశ్న కాదు.

"తెలియకేం!" అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ. "మహా గడుసుది. తియ్యగా ఉందని తెలిస్తే అది మందని నువ్వు నమ్మవని, చెంచా నోట్లో పెట్టగానే చేదు మింగినట్టు ముఖం పెట్టేది."

"ఎలా?"

స్టేషనని కూడా చూడకుండా ఆ తల్లి కళ్ళు చిట్లించి, ముక్కు ముడిచి, మూతి ఒక చెంపకి లాగేసి ముఖం పెట్టింది.

కొడుకు రెప్ప వెయ్యకుండా చూశాడు.

"నాలుక కూడా బయటపెట్టేది," అన్నాడు మెల్లగా. ముప్పై మూడేళ్ళలో మొదటిసారి ఆ గదీ, ఆ మంచం, ఆ మనిషి అతని కళ్ళముందుకి వచ్చినట్టున్నాయి. "బయటపెట్టి, ఒరే డాక్టరూ, నన్ను చంపేస్తున్నావురా అనేది. నాకు నవ్వాగేది కాదు."

అంటూనే నవ్వేశాడు.